హోల్ హౌస్ ఫ్యాన్ బిగించే ముందు గాలి పోయే దారి చూసుకోండి

ఎండాకాలంలో రాత్రి ఎనిమిది దాటాక గుమ్మం బయట నిలబడితే ఒంటికి చల్లగాలి తగులుతుంది. లోపలికి వస్తే ఇల్లు ఇంకా మిట్టమధ్యాహ్నంలోనే ఉంటుంది. గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంటుంది, పరుపు మీద వాలితే అదీ వెచ్చగానే ఉంటుంది. కిటికీలన్నీ తెరిచినా పెద్దగా తేడా రాదు. బయటి గాలి లోపలికి రావాలంటే లోపలి గాలి ముందు ఎటో ఒకవైపు పోవాలి కదా. గాలి కదలని రాత్రి దాన్ని తోసే బలమేదీ ఉండదు.

ఆ బలాన్ని ఇచ్చేదే హోల్ హౌస్ ఫ్యాన్. పై అంతస్తు సీలింగ్‌లో, వీలైనంత ఇంటి నడుమకు వచ్చేలా, గదుల మధ్య నడవాలోనో మెట్ల పైభాగంలోనో కంత కోసి దీన్ని అమరుస్తారు. ఇది ఇంట్లోని గాలిని లాగి పైన అటకలోకి, అంటే సీలింగ్‌కూ వాలు కప్పుకూ మధ్య ఉండే ఖాళీలోకి, వదులుతుంది. ఆ ఒరవడికి అటకలో పగలంతా మగ్గిన వేడిగాలి కప్పుకు ఉన్న వెంట్‌లలోంచి, అంటే గాలి పోయే కంతల్లోంచి, బయటికి పోతుంది. లోపల ఖాళీ అయిన చోటును నింపడానికి తెరిచిన కిటికీల్లోంచి చల్లగాలి వస్తుంది. కంప్రెసర్ లేదు, గ్యాస్ లేదు. ఉన్నదల్లా ఒక మోటారు, రెక్కలు, ఒక మూత.

వినడానికి ఇంత తేలికగా ఉండడం వల్లే చాలామంది దీన్ని కొని, బిగించి, ఆ తర్వాత నిరాశపడతారు. చప్పుడు తప్ప చల్లదనం లేదంటారు. ఇలాంటి ఇళ్లలో చాలాసార్లు ఫ్యాన్‌లో లోపం ఉండదు. గాలి వచ్చే దారి, పోయే దారి లెక్క చూడకుండా నడుమ ఒక మోటారు పెట్టి ఉంటారు. నన్నడిగితే ఈ పనిలో ఫ్యాన్ ఎంపిక చివరిది. ముందు చూసుకోవాల్సినవన్నీ ఇంట్లోనే ఉన్నాయి.

ఇంకొన్ని ఫ్యాన్‌లతో దీన్ని కలిపేసుకోవడం కూడా మామూలే. సీలింగ్ ఫ్యాన్ మన ఒంటి మీద చెమటను ఆరబెట్టి మనిషిని చల్లబరుస్తుంది, గది ఉష్ణోగ్రతను తగ్గించదు. ఎవరూ లేని గదిలో అది తిరిగితే కరెంటు దండగ. అటక ఫ్యాన్ అనేది ఇంకొకటి. అది అటకలోని గాలిని మాత్రమే బయటికి పంపుతుంది, ఇంటి కిటికీలతో దానికి సంబంధం లేదు. స్నానాల గదిలోని ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇదే పని చేస్తుంది కానీ చాలా చిన్న మోతాదులో. హోల్ హౌస్ ఫ్యాన్ ఇల్లు మొత్తంలోని గాలిని గంటకు పదిసార్లు, అంతకన్నా ఎక్కువసార్లు మార్చేస్తుంది. దీని బలమూ ప్రమాదమూ రెండూ ఆ మోతాదులోనే ఉన్నాయి.

చల్లబడాల్సింది గాలి ఒక్కటే కాదు

పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకోండి. అందులోని గాలి బరువు దాదాపు 48 కిలోలు. ఆ గాలిని ఒక డిగ్రీ చల్లబరచడానికి తీసేయాల్సిన వేడి 48 కిలోజౌళ్ల దగ్గర ఉంటుంది. ఇప్పుడు అదే గది పైన 5 అంగుళాల మందం ఉన్న కాంక్రీటు స్లాబును చూడండి. దాని బరువు నాలుగు టన్నులు దాటుతుంది. దాన్ని ఒక డిగ్రీ చల్లబరచాలంటే సుమారు 3,600 కిలోజౌళ్లు తీసేయాలి. గాలి కంటే 75 రెట్లు! గోడలు, నేల, బీరువాలు ఇంకా లెక్కలోకి రాలేదు.

అందుకే ఫ్యాన్ వేసిన పది నిమిషాలకే ఇల్లు చల్లబడినట్టు అనిపిస్తుంది, ఆపి కిటికీలు మూసిన అరగంటకు మళ్లీ వేడెక్కుతుంది. పది నిమిషాల్లో గాలి మారింది, అంతే. గోడల్లో దాగిన వేడి అలాగే ఉండి, కొత్తగా వచ్చిన చల్లగాలిని తాపీగా వేడి చేస్తుంది. ఫలితం పూర్తిగా దక్కాలంటే రాత్రి చాలాసేపు, వీలైతే తెల్లవారే దాకా, నెమ్మదైన వేగంలో ఫ్యాన్ నడవాలి. అప్పుడు గోడలే చల్లబడతాయి. చల్లబడిన గోడలు మర్నాడు మధ్యాహ్నం దాకా వేడిని తమలోకి పీల్చుకుంటూ ఇంటిని చల్లగా ఉంచుతాయి. చెక్క చట్రానికి పలుచని బోర్డులు కొట్టి కట్టిన ఇళ్లలో ఈ నిల్వ తక్కువ. అవి త్వరగా చల్లబడతాయి, అంతే త్వరగా వేడెక్కుతాయి. కాంక్రీటు, ఇటుక, రాయితో కట్టిన ఇళ్లకు రాత్రి గంటలు ఎక్కువ కావాలి. ఓపిగ్గా నడిపితే లాభం కూడా వాటికే ఎక్కువ.

ఈ ఫ్యాన్ ఎంత వేడిని బయటికి పంపగలదో కూడా లెక్క కట్టొచ్చు. నిమిషానికి 2,250 ఘనపు అడుగుల గాలిని లాగే ఫ్యాన్ ఉందనుకుందాం. ఈ కొలతనే సీఎఫ్ఎం అంటారు. లోపలికీ బయటికీ 5 డిగ్రీల తేడా ఉంటే ఆ ఫ్యాన్ తీసేసే వేడి దాదాపు 6.4 కిలోవాట్లు. అంటే 1.8 టన్నుల ఏసీ చేసే పని. అంత ఏసీకి సుమారు రెండు కిలోవాట్ల కరెంటు కావాలి. ఈ ఫ్యాన్ మోటారు రకాన్ని బట్టి కొన్ని వందల వాట్లతో సరిపెట్టుకుంటుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఇల్లు చల్లబడే కొద్దీ ఆ 5 డిగ్రీల తేడా మూడుకు, రెండుకు దిగుతుంది, ఫ్యాన్ తీసే వేడి కూడా ఆ మేరకు తగ్గుతుంది. బయట ఉన్న చల్లదనం కంటే ఒక్క డిగ్రీ కూడా ఇది కిందికి దించలేదు. బయట 32 డిగ్రీలుంటే లోపల 26 కావాలని ఈ ఫ్యాన్‌ను అడగడంలో అర్థం లేదు.

ఎంత సైజు, ఎంత దారి

ఫ్యాన్ సైజు గురించి వేర్వేరు లెక్కలు వినిపిస్తాయి. వినేవాళ్లకు టెన్షన్ పట్టుకునేది ఇక్కడే. అమెరికా ఇంధన శాఖ ఇచ్చే సలహా ప్రకారం ఇంట్లోని గాలి గంటకు 15 నుంచి 23 సార్లు మారాలి. 1,500 చదరపు అడుగుల ఇల్లు, 9 అడుగుల సీలింగ్ అయితే లోపలి గాలి 13,500 ఘనపు అడుగులు. గంటకు 15 సార్లంటే 3,375 సీఎఫ్ఎం, 23 సార్లంటే 5,175 సీఎఫ్ఎం. కాలిఫోర్నియా భవన ఇంధన నిబంధనలు మరోలా లెక్క వేస్తాయి. చదరపు అడుగుకు 1.5 సీఎఫ్ఎం ఉంటే చాలంటాయి. అంటే ఇదే ఇంటికి 2,250 సీఎఫ్ఎం, గంటకు పదిసార్లు.

రెండూ తప్పు కాదు. మొదటిది సాయంత్రం ఇంటికొచ్చి ఫ్యాన్ వేయగానే గాలి ఒంటికి తగలాలనుకునేవాళ్లకు సరిపోతుంది. రెండోది రాత్రంతా నెమ్మదిగా నడిపి గోడలను చల్లబరచుకునేవాళ్లకు చాలు. నా ఓటు రెండోదానికే, అదీ వేగం తగ్గించుకునే వీలున్న మోటారుతో. ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, కానీ లెక్క ప్రకారం కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నిజంగా బిగించాక అంత కచ్చితంగా రాకపోయినా తేడా మాత్రం చాలా పెద్దదే. చప్పుడు కూడా బాగా తగ్గుతుంది. పెద్ద ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పడం, చిన్న ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పడం కంటే అన్ని విధాలా మేలు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఆ 2,250 సీఎఫ్ఎం గాలి అటకలోకి వెళ్లింది, సరే. అక్కణ్నుంచి ఎటు పోతుంది? చూరు కింద, కప్పు శిఖరం దగ్గర, పక్క గోడ పైన ఉండే త్రికోణంలో వెంట్‌లు ఉంటాయి. అవి సరిపోకపోతే అటకలో ఒత్తిడి పెరుగుతుంది, ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి కదలదు. మూతి సన్నగా ఉన్న సీసాలోకి గట్టిగా ఊదితే ఊపిరి మన ముఖానికే తిరిగి కొట్టినట్టు ఉంటుంది. అటకలో చేరిన వేడిగాలి, దుమ్ము, వేడిని ఆపడానికి అక్కడ పరిచిన ఇన్సులేషన్ నూగు అన్నీ సీలింగ్ లైట్ల చుట్టూ ఉన్న సందుల్లోంచి మళ్లీ గదుల్లోకే దిగుతాయి. ఫ్యాన్ వేశాక లైట్ల అంచున నల్లని దుమ్ము చార కనిపిస్తుంటే, అటక పైకెక్కే తలుపు తనంతట తాను కిందికి తన్నుకుంటుంటే, కారణం ఇదేనని ముందుగా అనుమానించండి.

ఎంత దారి కావాలి? ప్రతి 750 సీఎఫ్ఎంకు ఒక చదరపు అడుగు అన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. అంటే మన ఇంటికి 3 చదరపు అడుగులు. దానికి రెట్టింపు ఉంటే ఇంకా మేలు. ప్రతి 375 సీఎఫ్ఎంకు ఒక చదరపు అడుగు, అంటే 6 చదరపు అడుగులు. ఫ్యాన్ తయారీదారు అంతకంటే ఎక్కువ చెబితే వాళ్ల మాటే పాటించాలి. తేడా ఎందుకంటే దారి సగమైతే గాలి వేగం రెట్టింపవుతుంది, దానికి ఎదురయ్యే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. నిశ్శబ్దంగా నడిచే కొత్త రకం ఫ్యాన్‌లు ఆ ఒత్తిడిని తట్టుకోలేక తీసే గాలి బాగా తగ్గిపోతుంది. పెట్టె మీద రాసిన సీఎఫ్ఎం చాలాసార్లు ఏ అడ్డూ లేకుండా కొలిచినది. మీ అటకలో ఆ అంకె అలాగే దక్కదు.

ఇక్కడ చాలామంది కొలతలోనే బోల్తా పడతారు. లెక్కలోకి వచ్చేది వెంట్ బయటి కొలత కాదు, గాలి నిజంగా దూరే ఖాళీ మాత్రమే. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న చెక్క రెక్కల వెంట్ చూడ్డానికి 4 చదరపు అడుగులు. అందులో రెక్కల మందం పోనిచ్చి, పురుగుల వల తీగల మందం పోనిచ్చి చూస్తే మిగిలేది సగానికి అటూ ఇటూ. సన్నని వలకు ఏళ్ల తరబడి దుమ్ము పట్టి ఉంటే ఇంకా తక్కువ. కొత్త వెంట్ కొనేటప్పుడు దాని మీద నికర ఖాళీ ఎంతో రాసి ఉంటుంది. ఆ అంకెలనే కూడుకోండి. పాతవాటికి టార్చి పట్టుకుని అటకెక్కి, వలను బ్రష్‌తో దులిపి, సందులను స్కేలుతో కొలిచి చూడాలి. చూరు కింద వెంట్‌లు ఉన్నా లోపలి వైపు ఇన్సులేషన్ జారి వాటిని పూర్తిగా మూసేసి ఉండొచ్చు. బయటి నుంచి చూస్తే అది తెలియనే తెలియదు.

కొన్ని ఇళ్లలో కప్పు లోపలి వైపున స్ప్రే ఫోమ్ కొట్టి, అటకకు బయటి గాలి తగలకుండా పూర్తిగా మూసేస్తారు. వెంట్‌లు ఉండవు. అలాంటి అటకలోకి హోల్ హౌస్ ఫ్యాన్ గాలి వదలకూడదు. దాని గాలిని డక్ట్ అనే గొట్టం వేసి నేరుగా బయటికి పంపే ఏర్పాటు ఉంటే సరే, లేకపోతే ఆ ఆలోచన మానుకోవాలి.

వచ్చే దారి లెక్క కొంచెం తేలిక, ఎందుకంటే అది మన చేతిలో ఉంటుంది. 2,250 సీఎఫ్ఎం ఫ్యాన్‌కు మొత్తం 9 చదరపు అడుగుల కిటికీ ఖాళీ ఇస్తే గాలి సెకనుకు ఒక మీటరు పైచిలుకు వేగంతో, పిల్లగాలిలా వస్తుంది. ఒకే కిటికీ కొద్దిగా తెరిచి ఒక చదరపు అడుగు మాత్రమే ఇస్తే అదే గాలి సెకనుకు 11 మీటర్లతో దూసుకొస్తుంది. తలుపులు దబదబా కొట్టుకుంటాయి, బయటి దుమ్మంతా లోపలికి వస్తుంది. ఏ కిటికీ తెరిస్తే ఆ గదికే గాలి వెళ్తుంది కాబట్టి పడుకునే గదుల కిటికీలు తెరిచి, మిగతావి మూస్తే చల్లదనం అక్కడే దక్కుతుంది. ఆ గదుల తలుపులు మాత్రం నడవా వైపు తెరిచి ఉండాలి. వీలైతే నీడలో ఉన్న వైపు, నేలకు దగ్గరగా ఉన్న కిటికీలు ఎంచుకోండి.

చల్లగా ఉన్న గాలంతా మంచిది కాదు

సముద్రానికి దగ్గరగా, ఉక్కపోత ఎక్కువగా ఉండే చోట ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవాలని కోరుతున్నాను. లోపల 30 డిగ్రీలు, తేమ 50 శాతం. బయట 26 డిగ్రీలు, తేమ 85 శాతం. థర్మామీటర్ ప్రకారం బయట నాలుగు డిగ్రీలు చల్లగా ఉంది, ఫ్యాన్ వేయాల్సిందే అనిపిస్తుంది. కానీ లోపలి గాలిలో కిలోకు దాదాపు 13 గ్రాముల నీటి ఆవిరి ఉంటే, బయటి గాలిలో 18 గ్రాములుంది. ఆవిరిలో దాగిన వేడిని కూడా కలిపితే బయటి గాలిలోనే మొత్తం వేడి ఎక్కువ. ఫ్యాన్ వేస్తే ఇంట్లోకి వచ్చేది ఉక్క. పరుపులు, బట్టలు, పుస్తకాలు, చెక్క సామాను రాత్రంతా ఆ తేమను పీల్చుకుంటాయి. మర్నాడు ఏసీ వేస్తే ముందు ఆ తేమను పిండడానికే అది కష్టపడాలి.

అందుకని ఉష్ణోగ్రత ఒక్కటే చూసి స్విచ్ వేయొద్దు. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు డ్యూ పాయింట్ అనే అంకె కనిపిస్తుంది. గాలిలో నీరు నిజంగా ఎంత ఉందో చెప్పేది అదే. పై లెక్కలో లోపలి డ్యూ పాయింట్ 18 డిగ్రీలు, బయటిది 23. డ్యూ పాయింట్ 16, 17 లోపు ఉన్న రాత్రులు ఈ ఫ్యాన్‌కు పండగే. 20 దాటితే జాగ్రత్తపడాలి. ఏడాదిలో ఎక్కువ రాత్రులు అలాగే ఉండే చోట ఈ ఖర్చు పెట్టుకోవద్దనే నా సలహా. పగలు బాగా ఎండకాసి, రాత్రికి పది డిగ్రీలకు పైగా పడిపోయే పొడి ప్రాంతాల్లో ఇంతకంటే తక్కువ కరెంటుతో ఇల్లు చల్లబరిచే మార్గం దొరకడం కష్టం.

పొగ, పుప్పొడి, దుమ్ము సంగతీ ఉంది. ఈ ఫ్యాన్ దేన్నీ వడగట్టదు. దగ్గర్లో చెత్తో అడవో తగలబడుతుంటే ఆ పొగను పది నిమిషాల్లో ఇల్లంతా నింపుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లున్న ఇంట్లో పుప్పొడి రాలే రోజుల్లో దీన్ని వాడకపోవడమే మంచిది.

కంత కోసే రోజు

సీలింగ్ కోసే ముందు అటకలోకి వెళ్లి ఆ చోటును పై నుంచి చూడాలి. కరెంటు తీగలు, నీటి పైపులు, ఏసీ డక్ట్‌లు అడ్డం ఉంటాయేమో చూసుకోవాలి. పాత రకం ఫ్యాన్‌లు 24 నుంచి 36 అంగుళాల వెడల్పుతో ఉంటాయి, వాటి కోసం ఒక దూలాన్ని కోసి చుట్టూ చట్రం కట్టాల్సి వచ్చేది. ఆ పని వడ్రంగి చేయాల్సిందే. కప్పును మోసేవి ట్రస్‌లైతే, అంటే చెక్కలను త్రికోణాలుగా కలిపి చేసిన చట్రాలైతే, వాటిలో ఒక్క ముక్క కూడా కోయకూడదు, ఎందుకంటే ట్రస్‌లో ప్రతి చెక్కా మిగతావాటి బరువును పంచుకుంటుంది. కొత్త రకాలు రెండు దూలాల మధ్య ఉన్న ఖాళీలోనే ఇమిడిపోతాయి. వాటి మోటారు సీలింగ్‌కు తగలకుండా అటకలో పట్టీలకు వేలాడుతుంది, కొన్ని అడుగుల మెత్తని డక్ట్ దాన్ని కంతతో కలుపుతుంది. మోటారు దూరంగా, గాల్లో వేలాడుతుంది కాబట్టి అదురు ఇంటి చెక్కకు పాకదు. రాత్రంతా నడవాల్సిన ఫ్యాన్‌కు ఈ నిశ్శబ్దం చాలా ముఖ్యం. చప్పుడు చేసే ఫ్యాన్‌ను రెండో వారం నుంచి ఎవరూ వేయరు. డక్ట్ మాత్రం ఎక్కడా కుంగకుండా, మెలి తిరగకుండా, సాగదీసి కట్టించండి.

పాత ఇళ్లలో ఇన్సులేషన్‌గా వెర్మిక్యులైట్ అనే మెరిసే చిన్న గులకలు పోసి ఉంటే పని అక్కడే ఆపాలి. కొన్ని గనుల నుంచి వచ్చిన ఆ సరుకులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ కలిసి ఉండేది. పరీక్ష చేయించకుండా దాన్ని కదిలించకూడదు. పొడిగా ఊది పరిచిన మామూలు ఇన్సులేషన్ ఉంటే కంత చుట్టూ చెక్కతో గట్టు కట్టాలి, లేకపోతే అది రాలి కిందికి వస్తుంది. చట్రానికీ సీలింగ్ బోర్డుకూ మధ్య సందులు సీలెంటుతో పూడ్చాలి. పాత ఫ్యాన్‌లకు ఉండే పలుచని రేకు రెక్కల మూత గాలిని సరిగ్గా ఆపదు, వేడిని అసలే ఆపదు. ఆరు నెలలు ఇంట్లో హీటరో ఏసీయో నడిపేవాళ్లు ఆ కంతలోంచి పోగొట్టుకునేది తక్కువేం కాదు. ఇన్సులేషన్ ఉన్న తలుపులు మోటారుతో తెరుచుకుని మూసుకునే రకం తీసుకుంటే ఆ బెడద ఉండదు.

వైరింగ్ ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. ఫ్యాన్‌కు విడిగా సర్క్యూట్, అటకలో మోటారు పక్కనే ఒక స్విచ్, కింద టైమర్ ఉండేలా అడగండి. అటకలో వేడి ప్రమాదకరంగా పెరిగితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు కూడా కావాలి, ఎందుకంటే ఇంట్లో నిప్పంటుకున్నప్పుడు ఈ ఫ్యాన్ తిరుగుతుంటే మంటకు ఊపిరి పోసినట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త గ్యాస్ మంటల గురించి. పొగగొట్టం ఉన్న గ్యాస్ వాటర్ హీటర్, ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్ లాంటివి కాలిన గాలిని వేడి బలంతోనే పైకి పంపుతాయి. ఆ బలం కొద్ది పాస్కల్‌లు మాత్రమే. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి లక్ష పాస్కల్‌ల పైమాట, కాబట్టి అదెంత అల్పమో ఊహించండి. కిటికీలు చాలినంత తెరవకుండా హోల్ హౌస్ ఫ్యాన్ వేస్తే అది ఆ పొగగొట్టంలోంచే గాలిని కిందికి లాగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీయగలదు. కిటికీలు తెరవడం ముందు, స్విచ్ వేయడం తర్వాత. ఇంట్లో చిన్న పిల్లలతో సహా అందరికీ ఈ వరస నేర్పాలి. ఎవరైనా చలేసి అర్ధరాత్రి కిటికీ మూస్తే ఫ్యాన్ కూడా ఆపాలి.

బిగించాక ఒక పరీక్ష తప్పకుండా చేయండి. రాత్రి మీరు నిజంగా తెరవబోయే కిటికీలే తెరిచి ఫ్యాన్‌ను ఎక్కువ వేగంలో పెట్టండి. వాటర్ హీటర్ మంట వెలిగించి కొద్ది నిమిషాలు ఆగండి. తర్వాత దాని పొగగొట్టం మొదలయ్యే చోట ఖాళీ అంచు దగ్గర, మంటకు దూరంగా, సన్నని టిష్యూ పేపర్ ముక్కను పటకారుతో పట్టుకోండి. కాగితం లోపలికి వంగితే పొగ సరైన దారిలో పోతోంది. బయటికి, మీ వైపు ఊగితే వెంటనే ఫ్యాన్, హీటర్ రెండూ ఆపేసి కిటికీలు ఇంకా తెరవాలి. ఎంత తెరిచినా అలాగే ఊగుతుంటే మెకానిక్‌ను పిలవక తప్పదు. పరీక్ష బాగా వచ్చినా పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టించండి. గాలిని బయటి నుంచే పైపుతో తెచ్చుకుని బయటికే వదిలే సీల్డ్ హీటర్లకు, కరెంటు హీటర్లకు ఈ బెడద లేదు.

అటక లేని ఇంటికి

చదునైన స్లాబు ఇళ్లకు అటక ఉండదు కాబట్టి ఇది కుదరదనుకుంటారు. సూత్రం కుదురుతుంది. మెట్లు డాబా మీదికి వెళ్లే చోట ఉండే గదిని వాడుకోవచ్చు. ఇంటి వేడిగాలి ఎలాగూ మెట్ల వెంట అక్కడికే ఎక్కుతుంది. ఆ గది గోడలో, పైకప్పుకు దగ్గరగా, పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి కింది గదుల కిటికీలు తెరిస్తే గాలి అదే దారి పడుతుంది. పైగా వెంట్‌ల తలనొప్పి లేదు, గాలి నేరుగా బయటికే పోతుంది. వాన పడకుండా బయట చిన్న చూరు, ఫ్యాన్ ఆగినప్పుడు మూసుకునే రెక్కలు, పిట్టలు దూరకుండా వల ఉండాలి. గ్యాస్ మంటల జాగ్రత్త, డ్యూ పాయింట్ లెక్క ఇక్కడా అవే. స్లాబుకు పైన తెల్లని పూత వేయించి పగటి వేడిని ముందే తగ్గించుకుంటే రాత్రి ఫ్యాన్‌కు సగం పని తప్పుతుంది.

ఇక రోజువారీ నడకలో పెద్ద కష్టమేం లేదు. బయట ఉష్ణోగ్రత లోపలి కంటే రెండు మూడు డిగ్రీలు తగ్గాక, ఏసీ ఆపి, కిటికీలు తెరిచి ఫ్యాన్ వేయాలి. ఏసీ, ఇది కలిసి నడిస్తే ఏసీ గాలినంతా బయటికి పారబోసినట్టే. మొదటి గంట ఎక్కువ వేగం, తర్వాత తక్కువ వేగం. పొద్దెక్కి బయట వేడి మొదలయ్యేలోపు ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, ఎండ పడే వైపు తెరలు వేయాలి. చాలామంది ఉదయం ఈ మూసే పనిలో ఆలస్యం చేసి రాత్రి సంపాదించిందంతా తొమ్మిదింటికల్లా పోగొట్టుకుంటారు. ఏడాదికోసారి రెక్కల దుమ్ము తుడిచి, బెల్టుతో నడిచే రకమైతే బెల్టు బిగువు చూసి, వెంట్ వలలు దులపాలి. చలికాలానికి పాత రకం ఫ్యాన్ మీద ఇన్సులేషన్ మూత బిగించేవాళ్లు అదే రోజు దాని బ్రేకర్ దించేసి, మూత వేసి ఉందని స్విచ్ పక్కన చీటీ అంటించండి. గాలి ఆడని మోటారును తెలియక ఎవరైనా వేస్తే అది వేడెక్కి కాలిపోతుంది.